రెండో కంట్రోలర్

వాణ్ని అందరూ ఫ్యూజు అనే పిలుస్తారు. చిన్నప్పుడు రేడియో విప్పి ఇంటి మొత్తానికి కరెంటు పోగొట్టిన ఘనుడు మరి. ముప్పై ఆరేళ్లొచ్చి, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, నెత్తిన జుట్టు పల్చబడ్డాక కూడా ఆ పేరు వాణ్ని వదల్లేదు. ఆ ఆదివారం భోజనమయ్యి కాస్త నడుం వాల్చాడో లేదో, అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్ ఫ్యూజూ, మీ బావ ఆడే పాత కార్ల ఆట ఉంది చూడు, అది మొరాయిస్తోందిరా. ఓసారి రా.”

నలభై దాటిన మనిషికి ఈ ఆటలేంటని వాడు అడగలేదు. ఎందుకో వాడికి తెలుసు. అక్క ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సు. కారు లేనిదే ఆ ఉద్యోగం లేదు. బావ పోయిన యాక్సిడెంటు తర్వాత, ఈ ఏడాదిన్నరగా ఆమె స్టీరింగ్ ముట్టుకోలేదు. రేపు సోమవారం వచ్చి చేరకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామని ఆఫీసువాళ్లు చెప్పేశారు. నిజం కారెక్కే ధైర్యం చాలక, ముందు బొమ్మకారు మీద చెయ్యి తిప్పుకుందామనుకుంది పిచ్చిది.

బావ కంప్యూటరు మేడ మీద వెనకగదిలో ఉంది. బయట ముసురు. కిటికీ తెరలు వేసే ఉన్నాయి. వేడెక్కిన దుమ్ము వాసన, దాని వెనకాల సన్నగా పిప్పరమెంటు వాసన. బావ నోట్లో ఎప్పుడూ ఆ బిళ్ల ఉండేది. ఇన్నాళ్లయినా ఆ వాసన పోలేదా అనుకుంటూ ఫ్యూజు కుర్చీ లాక్కున్నాడు.

మొదటి తప్పు తేలిగ్గానే దొరికింది. ఆట పాతదైపోయింది, చేత్తో పట్టుకుని కారు తిప్పే కంట్రోలర్ కొత్తది. ముక్కూమొహం తెలియని కంట్రోలర్ ఏది తగిలించినా ఆ ఆట తిప్పుడును తలకిందులు చేసి తీసుకుంటుంది. దాని మీది స్టిక్కు ఎడమకి తోస్తే కారు కుడికి పోతుంది. సెట్టింగుల్లో ‘తిరగవెయ్యి’ అన్నచోట టిక్కు తీసేసి, “అయిపోయిందక్కా, పెట్టు టీ” అన్నాడు గొప్పగా.

“టీ సంగతి తర్వాత. ఆడి చూడు.”

ఆడాడు. రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపూ కారు చెప్పినట్టు విన్నది. ఎదురుగా ఏదైనా బండి వచ్చిందంటే చాలు... గభాలున కుడికి లాగేసేది.

స్టిక్కు అరిగిందేమోనని మధ్యలో దాని చిన్నచిన్న కదలికల్ని లెక్కచెయ్యొద్దని సెట్టింగు పెట్టాడు. లాగింది. వైరు మార్చాడు. లాగింది. సంచీలోంచి తన సొంత కంట్రోలర్ తీసి తగిలించి, దానికీ టిక్కు తీసి ఆడాడు. అదీ లాగింది.

“నీ దుంపతెగ, ఇదేం చోద్యం!” అన్నాడు ఫ్యూజు.

అక్క నవ్వలేదు. గుమ్మానికి ఆనుకుని తెర వైపే చూస్తోంది. “ఎదురుగా బండి వస్తేనేరా... చూశావా?”

ఇక్కడ ఆ యాక్సిడెంటు సంగతి చెప్పాలి. ఆ రోజు కారు నడిపింది అక్క. బావ ఎడమ సీట్లో ఉన్నాడు. లారీ ఒకటి అదుపు తప్పి ఎదురొచ్చింది. ఆ క్షణంలో కారు ఎడమకి తిరిగుంటే అక్క తలుపుకి తగిలేది. కుడికి తిరిగింది. బావ వైపంతా నుజ్జయ్యింది. అక్కకి చిన్న గీత కూడా పడలేదు, ఆ క్షణమూ గుర్తులేదు. ఆసుపత్రి వరండాలో అత్తగారు నలుగురి ముందూ అనేసింది: “నా కొడుకుని అడ్డం పెట్టుకుని బతికింది.” ఆ మాట ఆమెని అన్నం తిననివ్వలేదు, నిద్రపోనివ్వలేదు. స్టీరింగ్ తిప్పింది నేనేనా? ఏడాదిన్నరగా ఆమెకు అదొక్కటే ప్రశ్న.

ఫ్యూజు సెట్టింగుల్లోకి మళ్లీ వెళ్లాడు. తగిలించిన పరికరాల జాబితా తెరిచాడు.

రెండున్నాయి.

వైర్లు లెక్కపెట్టాడు. కంట్రోలర్ ఒక్కటే. అదీ పీకేశాడు. జాబితాలో ఒకటి పోయింది. రెండోది పోలేదు.

“అది ఎవరిదిరా?” గుసగుసగా అడిగింది అక్క.

“పాత ఆట కదక్కా... ఏవో దొంగ పేర్లు చూపిస్తుంటాయి...” అన్నాడు గానీ, జాబితా మాత్రం మూయలేదు. కంట్రోలర్ తగిలించి, ఈసారి కారు అక్క చేతికిచ్చాడు. జాబితా తెర మూలన పెట్టుకుని చూశాడు; అందులో ఏ పరికరం కదిలితే దాని పక్కనున్న గీత కదులుతుంది. ఎదురుగా బండి కనబడింది. అక్క చేతులు కదల్లేదు. రెండోదాని గీత మాత్రం... కదిలింది. కారు కుడికి లాగింది.

పిప్పరమెంటు వాసన గుప్పుమంది.

అక్క కంట్రోలర్ ఒళ్లో పడేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఫ్యూజు తేరుకుని చూస్తే ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది.

“ఆయనేరా! నేను నడుపుతుంటే పక్కనుంచి స్టీరింగ్ మీద చెయ్యెయ్యడం ఆయనకి అలవాటు. ఎన్నిసార్లు తిట్టానో! కుడికి లాగింది ఆయనే. దెబ్బ తను తీసుకున్నాడురా... నన్ను బతికించాడు.”

“అవునక్కా” అన్నాడు ఫ్యూజు. ఏడాదిన్నర తర్వాత అక్క మొహంలో వెలుగు చూశాడు. వాడికీ కళ్లు తడిశాయి. అక్క మొహం కడుక్కోడానికి కిందికి వెళ్లింది.

కంప్యూటరు ఆపుదామని వాడు జాబితా వైపు చెయ్యి చాపాడు. ఆగిపోయాడు.

రెండోదాని పక్కన ‘తిరగవెయ్యి’ అన్నచోట టిక్కు ఉంది.

ఉండదా మరి? మొదటిదానికి తనే తీశాడు. రెండోదానికి తీసిందెవరు? అంటే ఆట దాన్ని తలకిందులుగా చూపిస్తోంది. కారు కుడికి వెళ్లిందంటే, ఆ చెయ్యి లాగింది...

ఎడమకి. అక్క తలుపు లారీకి ఎదురయ్యేలా.

ఆ రోజూ ఆ చెయ్యి ఎడమకి లాగుతుంటే, తన ప్రాణం దక్కించుకోడానికి అక్కే కుడికి తిప్పి నెగ్గింది. ఫ్యూజు కంప్యూటరు ఆపలేదు, ప్లగ్గు పీకేశాడు.

కిందికి వచ్చేసరికి అక్క చీర మార్చుకుని, బాగుచేయించి ఇంటి ముందుంచిన ఆ కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉంది.

“పద, వీధి చివరిదాకా వెళ్లొద్దాం.”

“ఇవాళ వద్దక్కా. వర్షం.”

“నాలుగు చినుకులకే! ఇప్పుడెక్కకపోతే ఇంకెప్పటికీ ఎక్కలేను. ఆయన తోడున్నాడని తెలిశాక నాకేం భయం?”

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ ఆ మొహం చూసి, ఆ మాట నోటిదాకా తెచ్చుకుని మింగేశాడు. ఒంటరిగా పంపడానికి మనసొప్పక ఎడమ సీట్లో కూర్చున్నాడు. మలుపు దాటాక చెబుదామనుకున్నాడు.

అక్క చక్కగా నడిపింది. గేరు మార్చడంలో తడబాటే లేదు. ఏదో కూనిరాగం కూడా తీసింది. మలుపు దాటింది. ఫ్యూజు నోరు తెరిచాడు, మూశాడు. పెద్దరోడ్డు వచ్చింది. ముసురులో దూరంగా నీళ్ల ట్యాంకరు ఒకటి లైట్లు వేసుకుని వస్తోంది.

“ఒరేయ్” అంది అక్క నవ్వుతూ, “చెయ్యి తియ్యి. నేను చూసుకుంటాగా.”

ఫ్యూజు కిందికి చూసుకున్నాడు. వాడి చేతులు రెండూ వాడి ఒళ్లోనే ఉన్నాయి.

“అక్కా... బండి ఆపు.”

ఆమె కాలు బ్రేకు మీదే ఉంది. బండి ఆగలేదు. స్టీరింగ్ కొద్దికొద్దిగా ఎడమకి తిరుగుతోంది. ఆమె మణికట్లు బిగుసుకున్నాయి. ట్యాంకరు హారన్ దగ్గరైంది. అక్క మొహంలో నవ్వు ఆరిపోయింది. తమ్ముడి వైపు ఆమె చూడలేదు. స్టీరింగ్ మీద, తన చేతుల పక్కన, ఖాళీగా ఉన్నచోటుకేసి చూసింది.

“ఏవండీ...” అంది అక్క. “వదలండి.”