ఖుద్దూస్ ఫైలు

కామారెడ్డి కొత్త బస్టాండ్ దగ్గర జిరాక్స్ సెంటర్లోకి వెళ్లి, "తడిసిన సర్టిఫికెట్‌కు లామినేషన్ చేస్తరా?" అని అడిగాడు మహిపాల్. ఆ సంకేతం విని కౌంటర్లోని మనిషి మేడమెట్లు చూపించాడు.

పైగదిలో ఇంటెలిజెన్స్ చీఫ్ సీతారాం క్లుప్తంగా బ్రీఫింగ్ ఇచ్చాడు. చెయ్యని నేరానికి జైలుకెళ్లి నిర్దోషులుగా బయటపడ్డవాళ్ల పోలీసు రికార్డులను కోర్టు సీల్ చేయించింది. సర్కారు సర్వర్లో ఉన్న ఆ ఫైళ్ల మీద ఒక విదేశీ ముఠా కన్ను పడింది. పాత కేసు బయటపెడతామని బెదిరించి ఆ మనుషులను తమ ఏజెంట్లుగా మార్చుకోవాలన్నది వాళ్ల ప్లాన్. మొదటి టార్గెట్ ఖుద్దూస్. ఎల్లారెడ్డిలో ఇన్వర్టర్లు బాగుచేస్తాడు. ఎవరో పెట్టిన బాంబుకు అతని యవ్వనం జైల్లో గడిచిపోయింది.

"మన గ్లోరీ ముఠాల చేరింది. తమ మనిషే అనుకుంటున్నరు. ఖుద్దూస్‌ను లొంగదీసే పని ఆమెకే ఇచ్చిండ్రు. నువ్వు దూరం నుంచి చూస్కోవాలె," అన్నాడు సీతారాం. "ఇంకోటి. ఆ ఫైళ్లు నీ లాగిన్‌తోని తెరుచుకుంటయ్. తెరవకు. కోర్టు వద్దన్నది."

మహిపాల్ తలూపాడు. ట్రైనింగ్ రోజుల నుంచి గ్లోరీ అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఎల్లారెడ్డిలో ఖుద్దూస్ షాపు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చున్నాడు. తలకు రుమాలు, అంటించిన మీసం, చొక్కా గుండీలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. నల్లకళ్లద్దాలతో గ్లోరీ కారు దిగి షాపులో స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి ఇయర్‌పీస్ మూగబోయింది. ఆమే మైక్ ఆఫ్ చేసింది.

తర్వాత నవ్వింది. కళ్లు తుడుచుకుంది. ఖుద్దూస్ చేతి మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్లలో ఆ నవ్వు మహిపాల్‌కెప్పుడూ దక్కలేదు.

షాపు నుంచి వెళ్లాక గ్లోరీ ఫోన్ చేసింది. "లొంగడు. సాఫ్ మనిషి."

"నీకెట్ల తెలుసు?"

"మాట్లాడితే తెలుస్తది."

ఆ జవాబు అతన్ని కామారెడ్డి దాకా కాల్చుకుంటూ వచ్చింది. ఆఫీసు చేరేసరికి ఫోన్లో ఒక ఫొటో, కొత్త నంబర్ నుంచి. ఖుద్దూస్ చేతి మీద గ్లోరీ చెయ్యి. కింద ఒక ప్రశ్న: ఈయన గతం చూశారా, ఆఫీసర్?

పంపిందెవరో ఆలోచించలేదు. సిస్టమ్ ముందు కూర్చుని లాగిన్ అయ్యాడు. ఫైలు ఎందుకు తెరుస్తున్నారని స్క్రీన్ అడిగింది. 'భద్రత' అని టైప్ చేసి బటన్ నొక్కాడు. చక్రం తిరగసాగింది.

ఆ లోపు మళ్లీ ఫొటో చూశాడు. ఫొటో మూలన మసకగా ఒక మోచెయ్యి, పక్కన చాయ్ గ్లాసు. ఆ మోచెయ్యి తనదే. ఫొటో తీసినవాడు తన వెనకే కూర్చున్నాడు. ముఠా కాపు కాసింది ఖుద్దూస్‌ను కాదు, తనను.

మహిపాల్ నెట్ కేబుల్ పట్టి లాగాడు. స్క్రీన్ మీద ఫైలు పేరు మెరిసి ఆరిపోయింది.

ఆ రాత్రి ఆఫీసుకొచ్చి సంగతంతా గ్లోరీ చెప్పింది. సీలున్న ఫైలు లోపలి నుంచి ఒక్కటి తెరుచుకుంటే చాలు, మిగతావన్నీ లాగేసే ప్రోగ్రామ్ ముఠా సిద్ధం చేసి, లాగిన్ ఉన్న మహిపాల్‌కు ఆ ఫొటోతో ఎర వేసింది. ఎల్లారెడ్డి శివార్లో కారులో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎదురుచూస్తున్నవాణ్ని ఆమె పట్టించింది. వాడి ఫోన్‌తో మిగతావాళ్లూ దొరికారు.

"నీ చాయ్ చల్లారేదాక నన్నే చూసినవంట. ఫొటో తీసినోడే చెప్పిండు," అంది. "మైక్ ఎందుకు బంద్ చేసిన్నో తెలుసా? ఆయన జైలు ముచ్చట చెప్తుంటే రికార్డ్ చెయ్యబుద్ధి కాలే."

మర్నాడు ఇద్దరూ ఖుద్దూస్ ఇంటికి వెళ్లారు. తను చేసింది మహిపాల్ దాచకుండా చెప్పాడు. ఖుద్దూస్ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"నా ఫైలు అందరు చదివిండ్రు సార్. పోలీసులు, వకీళ్లు, పేపరోళ్లు. నన్ను ఎవ్వలు అడగలే. ఈ మేడమ్ అడిగింది. మీరు గూడ అడగాల్సింది."

మహిపాల్ అడిగాడు. ఖుద్దూస్ చెప్పాడు. వింటూ తలెత్తలేకపోయాడు మహిపాల్.

ఖుద్దూస్ భార్య హసీనా చాయ్ తెచ్చింది. గ్లోరీ కళ్లద్దాలను, చీరను, నవ్వును, ఆ నవ్వుకు వెలుగుతున్న తన భర్త ముఖాన్ని వరసగా చూసింది. తర్వాత మహిపాల్‌కు గ్లాసు అందిస్తూ మెల్లగా అడిగింది.

"ఈమె మీ డిపార్ట్‌మెంటేనా, అన్నా? జర దూరం ట్రాన్స్‌ఫర్ చేయించుండ్రి."