పదహారు దెబ్బలు, ఒక టింగు

"టక టక టక టక... టింగ్!"

లంచ్ బెల్ ఇంకా కొట్టలేదు. అయినా ఏడో తరగతి గదిలో గంట మోగింది. మోగించింది ధనశ్రీ. మోగింది టైప్‌రైటర్!

"శభాష్! పదహారు దెబ్బలు, లైను చివర ఒక టింగు. అదీ లెక్క!" అన్నారు సంగీతం మాస్టారు జక్రయ్య గారు. "విదేశాల్లో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలే దీన్ని వాయించాయి. రేపు స్కూల్ డేలో మన సత్తెనపల్లి వాయిస్తుంది. వయొలిన్‌ది ఒక టైపు, డోలక్‌ది ఒక టైపు. మనమ్మాయిది మాత్రం అసలు టైపు!"

ధనశ్రీ పూరీలా పొంగిపోయింది. డోలక్ వాయించే బాజీ ఊరుకుంటాడా? మిషను వెనక వేలుపెట్టి పొడిచాడు.

"ఏమే ధనా, ఇది మీ తాత అర్జీలు కొట్టే మిషనేగా? ఇదిగో, వెనకాల పేరు కూడా ఉంది!"

తెల్ల రంగుతో రాసి ఉంది: 'పి. పానకాలు, టైపిస్టు, సత్తెనపల్లి.' తాతయ్య ముప్పై అయిదేళ్లు తాసిల్దారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని, రైతులకు అర్జీలు టైపు చేశారు. స్టేజీ మీద జనానికి కనిపించేది ఆ వెనక వైపే!

పిల్లలంతా పకపకా నవ్వారు. పూరీలో గాలి పోయింది.

మిషనుతో ఇంటికి రాగానే ధనశ్రీ ఆ పేరు మీద మెరుపు కాగితం అంటించేసింది. ఇక మిషను కూడా మెరవాలి కదా! తాతయ్య ఎప్పుడూ కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, పైన గుడ్డ కప్పేవారు. చుక్కతో ఏం మెరుస్తుంది? వంటింట్లో పండుమిరప పచ్చడి కోసం తెచ్చిన నువ్వుల నూనె ఉంది. ఎవరినీ అడగకుండా గరిటెడు పోసింది. గుడ్డ కప్పకుండా ముందు గదిలో పెట్టింది.

ఆ గదిలో ఏముంది? మంచి రేటు వచ్చాక అమ్మాలని దాచిన పత్తి, నడుమెత్తున!

తెల్లారేసరికి ఫ్యాను గాలికి దూదంతా మిషన్లో దూరింది. నూనె, దూది కలిస్తే దేవుడి దగ్గర దీపం. టైప్‌రైటర్లో మాత్రం అంధకారం! పైకి లేచిన అక్షరం కిందికి దిగనంటోంది.

సాయంత్రం ఆరింటికే ప్రోగ్రాం. ధనశ్రీ కళ్లనీళ్లతో తాతయ్య దగ్గరికి పరుగెత్తింది.

"తాతయ్యా... పచ్చడి నూనె పోశాను."

"ఎంత తల్లీ?"

"గరిటెడు."

"నయం, తాలింపు పెట్టలేదు!"

తాతయ్య పేపరు పరిచారు. నాన్న బండిలోంచి కాస్త పెట్రోలు తీయించారు. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో అక్షరం పళ్లు తోమారు. పిన్నీసుతో దూది లాగారు. వెనక్కి తిప్పి తుడుస్తూ, మెరుపు కాగితం దగ్గర ఆగారు. ఒక్క క్షణం చూశారు. కాగితం తడవకుండా దాని చుట్టూ తుడిచి, మళ్లీ పనిలో పడ్డారు.

ఆ జాగ్రత్త మండించినంతగా గుంటూరు మిరపకాయ కూడా ధనశ్రీని ఎప్పుడూ మండించలేదు.

"తాతయ్యా, అర్జీలు కొట్టేటప్పుడు ఇది ఎప్పుడూ మొరాయించలేదా?"

"మొరాయిస్తే ఎట్టాగమ్మా? పంట పోయిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. చదువు రాదు. టింగుమన్నప్పుడల్లా 'హమ్మయ్య, ఒక లైను అయింది' అని తలూపేవాడు."

ధనశ్రీ బ్రష్ అందుకుని రెండో వైపు తోమసాగింది.

సాయంత్రం స్టేజీ మీద తెర లేవబోతోంది. ధనశ్రీ కుర్చీలోంచి లేచింది. టైప్‌రైటర్ వెనక్కి వెళ్లి మెరుపు కాగితాన్ని సర్రున లాగేసింది. మిగిలిన జిగురును చున్నీతో గట్టిగా రుద్దింది.

"ఓయ్, పేరు కనబడుతోందే!" అన్నాడు బాజీ.

"కనబడాలనే! నువ్వు తాళం తప్పకు. ఇది మా తాతయ్య మిషను!"

తెర లేచింది. పదహారు దెబ్బలు టకటకా పడ్డాయి.

"టింగ్!"

హాలంతా చప్పట్లు. మూడో వరసలో పానకాలు గారు చప్పట్లు కొట్టడం మరిచిపోయారు. తన పేరు వైపు చూస్తూ, మెల్లగా తలూపారు.

ఒక లైను అయింది.