నా వీధికి ఇంకు పెట్టినవాడు

తలుపు తీసినవాడి మొహం ముందు కామిక్ పుస్తకం తెరిచి పట్టుకుని, “వీళ్ళందర్నీ చంపింది నువ్వేనా?” అని అడిగాను.

చేతిలో కుంచె, చెవి మీద ఇంకు మరక, దువ్వెన మొహం చూడని జుట్టు. మనిషి ఏమాత్రం కంగారు పడలేదు. పేజీకేసి వంగి చూసి, “ఎవర్ని?” అన్నాడు.

ఎవర్ని అట! నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఈ కిటికీలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. చీకటి.”

“చీకటి కాదు, దోన్యా ఫెలా! మా పైవాటా ఆవిడ. ఈ మెట్ల మీద నల్లగా ముద్దలా ఉంది చూడు, అది బార్బర్ దోన్ టీతో. ఆ పక్క ముద్ద మా అమ్మ. ఒక్కొక్కరికీ కళ్ళూ ముక్కూ గీసి నేను పంపిస్తే, నువ్వు అందరి మీదా ఇంకు పూసేసి చేతులు దులుపుకున్నావు!”

అప్పటికి గానీ నేనెవరో వాడికి అర్థం కాలేదు. “ఓ... ఐ. కిన్యోనెస్ అంటే మీరా? మగవాడనుకున్నాను” అన్నాడు.

మండుతున్నదాని మీద ఇంకాస్త పోశాడు.

మా పనిలో ఇదొక వింత. బొమ్మ ఒకరు పెన్సిల్‌తో గీస్తారు. దాని మీద ఇంకు మరొకరు పెడతారు. అచ్చులో కనిపించేది ఇంకే. పేజీలు కొరియర్‌లో తిరుగుతుంటాయి, మనుషులు మాత్రం ఒకరి మొహం ఒకరు చూడకుండానే పుస్తకాలు అయిపోతాయి. టాడ్ మలెకి అనే పేరు మొదటి పేజీలో నా పేరు కింద చూడటమే తప్ప, ఆ పేరు గలవాడు బ్రూక్లిన్‌లో ఇంత నిమ్మళంగా బతుకుతున్నాడని నాకు తెలీదు.

ఇది తొంభై రెండులో సంగతి. ట్రాన్సమ్ అనే కంపెనీ నా కథ ఒకటి తీసుకుంది. నాలుగు పుస్తకాలు, నెలకొకటి, నాలుగోదాంతో కథ అయిపోతుంది. హీరోయిన్ పేరు రెలాంపా. పగలు బట్టలుతికే షాపులో పని, చీకటి పడితే చేతుల్లోంచి మెరుపులు. అది కంపెనీ కోసం. నా కోసం వేసుకున్నది వీధి.

హీరో వచ్చి దొంగల్ని తన్నడానికి పాడుబడ్డ వీధి కావాలంటే, అందరూ మా బ్రాంక్స్ పేటే గీస్తారు. పగిలిన కిటికీలు, తుపాకులు, చెత్త. ఆ కిటికీల వెనక ఎవరైనా అన్నం వండుకుంటున్నారేమోనని ఒక్కడికీ అనిపించదు. నాకు చిన్నప్పట్నించీ అదే మంట. అందుకే ప్రతి కిటికీలో మా వాళ్ళని కూర్చోబెట్టాను. కూర్చోబెట్టి ఊరుకోకుండా అందరికీ చెప్పుకున్నాను కూడా.

మొదటి పుస్తకం వచ్చిన రోజు వీధి వీధంతా మా మూల మీది పుస్తకాల షాపు ముందు నిలబడింది. దోన్యా ఫెలా కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. “ఏదమ్మా నేను? ఎక్కడున్నాను?” అని ఆవిడ అడుగుతుంటే, నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

టాడ్ మాత్రం గుమ్మానికి ఆనుకుని నాకు లెక్క చెబుతున్నాడు.

“పేజీలు ఆలస్యంగా వచ్చాయండీ. కిటికీకో కుటుంబాన్ని కూర్చోబెడితే ఆలస్యం కాక ఏమవుతుంది? శుక్రవారం నా చేతికిచ్చి సోమవారానికి కావాలన్నారు. అయినా చదివేవాడు మీ హీరోయిన్ని చూస్తాడు. కిటికీలు ఎవడు చూస్తాడు?”

“ఎవరు చూస్తారో చూపిస్తా. పద.”

“ఎక్కడికి?”

“కోటు తీసుకో!”

సబ్‌వేలో దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను. వాడు వింటూనే ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలాయన మమ్మల్ని కొత్తగా పెళ్ళైన జంట అనుకున్నాడో ఏమో, టాడ్‌కేసి జాలిగా చూశాడు. అదీ నాకు కోపమే తెప్పించింది.

మా మెట్ల మీద పంచాయితీ మొదలైంది.

“ఇతనేనా నన్ను బొగ్గు చేసింది?” అంది దోన్యా ఫెలా. మా వీధిలో పెద్దవాళ్ళని దోన్, దోన్యా అనకపోతే వీపు విమానం మోత మోగుతుంది. అలాంటి పెద్దమనిషి, నిజంగా తన మొహానే ఇంకు పూసినట్టు చూస్తోంది.

“చూడు నాయనా,” అన్నాడు దోన్ టీతో, “ఈ మీసం నా పెళ్ళికి ముందు నుంచీ ఉంది. మా ఆవిడ తియ్యమంటే తియ్యలేదు. నువ్వు అడగకుండా తీసేశావు.”

టాడ్ క్షమించమంటాడని చూశాను. అనలేదు. జేబులోంచి చిన్న డ్రాయింగ్ పుస్తకం తీసి, దోన్ టీతో మొహంలో మొహం పెట్టి చూశాడు.

“ఈ కుడివైపు కొస కాస్త పైకి ఉంటుంది. ఎప్పుడూ ఇంతేనా, ఇవాళేనా?”

“ఎప్పుడూ ఇంతే!” దోన్ టీతో ఛాతీ పొంగింది. “చూశావా ఇవెలీస్? నువ్వు కూడా గమనించలేదు.”

అంతే, పంచాయితీ కొట్టుకుపోయింది. దోన్యా ఫెలా వాణ్ణి పైకి తీసుకుపోయి కందులు వేసి వండిన అన్నం, అరటికాయ ముక్కల వేపుడు పెట్టింది. వాడు మారు అడిగాడు. మళ్ళీ అడిగాడు. తిట్లు తినాల్సినవాడు నా వంతు అన్నం కూడా తిన్నాడు.

రెండో పుస్తకంలో వీధి మొత్తం ఉంది. మీసం కొసతో సహా.

అప్పట్నించీ ఫోన్లు. “మూడో అంతస్తు ఎడమ కిటికీలో ఆవిడ నవ్వుతోందా, పన్ను నొప్పా?” అనేవాడు. “నవ్వు. నీకు నవ్వు తెలీదా?” అనేదాన్ని. “నేను చూసేసరికి ఎప్పుడూ తిడుతుంటావుగా, ఎలా తెలుస్తుంది?” అనేవాడు. వాడి నోట ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో నేను గమనించనేలేదు.

మూడో పుస్తకం పేజీలు తీసుకుని ఒక సాయంత్రం కుండపోత వానలో వచ్చాడు. చెత్త వేసుకునే నల్ల సంచీలో పేజీలు భద్రంగా ఉన్నాయి. మనిషి మాత్రం కాలి బూట్ల దాకా కారుతున్నాడు.

“కొరియర్ లేదా?”

“ఉంది.”

“మరి?”

“దారి మరిచిపోతానేమోనని...” అని కిటికీకేసి చూశాడు.

మా అమ్మ తువ్వాలు తెచ్చి వాడికిచ్చి, నాకేసి ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. “ఏంటమ్మా అలా చూస్తావ్?” అని ఆవిడ మీద కూడా ఎగిరాను.

నాలుగో పుస్తకం మొదలెట్టేలోపు ఎడిటర్ హాథోర్న్ మా ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచాడు. ఎంతో మర్యాదగా కుర్చీలు చూపించి, “చివర్లో వీధి తగలబడాలి” అన్నాడు.

“ఏ వీధి?” అన్నాను, వినబడనట్టు.

“మీ వీధే. రెండు పేజీల నిండా మంటలు. కవర్ మీద మెరిసే రేకు. రెలాంపా సర్వం పోగొట్టుకోవాలి. అప్పుడే కదా వచ్చే ఏడాది మన హీరోల పెద్ద టీమ్‌లో చేరేది? కుర్రాళ్ళకి మంటలు కావాలి ఇవెలీస్.”

కుర్చీ ముందుకి జరుపుకుని చెప్పాను. “మా వీధి నిజంగానే తగలబడిందండీ, నా చిన్నప్పుడు. ఇళ్ళ ఓనర్లే బీమా డబ్బుల కోసం అంటించారు. పక్క ఇళ్ళన్నీ పోయాయి. మా వాళ్ళు బకెట్లు మోసి, రాత్రంతా మేడ మీద కాపలా కాసి, మా ఇంటిని నిలబెట్టుకున్నారు.”

హాథోర్న్ కళ్ళు మెరిశాయి. “అద్భుతం! అది వాడుకో. ఒక్క బకెట్ల సంగతి తీసెయ్.”

నా జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. నేను గీయనన్నాను. మరొకరు గీస్తారన్నాడు. రెలాంపా కంపెనీది, సంతకం పెట్టింది నేనే. ఆ మాట కూడా మర్యాదగానే గుర్తు చేశాడు. తర్వాత టాడ్ వైపు తిరిగాడు.

“నువ్వు ఉంటావుగా? జనవరి నుంచి నెలనెలా వచ్చే పుస్తకం ఒకటి నీకోసం ఉంచాను.”

టాడ్ ఎదురుచూస్తున్నది అలాంటి పని కోసమే. నేల చూపులు చూస్తూ, “ఆలోచించి చెప్తాను” అన్నాడు.

ఆలోచించడం! లిఫ్ట్ దగ్గర వాణ్ణి కడిగిపారేశాను. “వాళ్ళింట్లో తిన్నావు, వాళ్ళ మొహాలు గీశావు, ఇప్పుడు నిప్పు పెట్టడానికి ఆలోచన కావాలా నీకు?”

“ఇవెలీస్, నా మాట పూర్తిగా...”

లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి. మూసుకోవాలనే బటన్ నొక్కాను. ఆ తర్వాత ఫోన్ మోగితే ఎత్తలేదు. అమ్మ ఎత్తేది. ఎత్తి గుసగుసగా మాట్లాడేది. అడిగితే, “రాంగ్ నంబర్” అనేది. రాంగ్ నంబర్‌తో అరగంట ఏం మాట్లాడతారో నాకైతే తెలీదు.

నాలుగో పుస్తకం వచ్చిన రోజు షాపుకి వెళ్ళకూడదనుకున్నాను. దోన్యా ఫెలా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రేకు కవరు తళతళలాడిపోతోంది. ఆవిడే తెరిచింది.

రెండు పేజీల నిండా మా వీధి మండుతోంది. దోన్ టీతో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. దోన్యా ఫెలా వేలు మంటల మీదుగా మెల్లగా పోయి తన కిటికీ దగ్గర ఆగింది.

నేను మొదటి పేజీకి తిప్పాను. ఇంకు పెట్టినవాడి పేరు ఎవరిదో. టాడ్‌ది కాదు.

తలెత్తితే వాడు షాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నీ పేరేది?”

“నేను పెట్టలేదు.”

“ఆలోచిస్తానన్నావుగా?”

“ఆలోచించాను. అద్దె ఎలా కట్టాలా అని. మధ్యాహ్నానికల్లా వద్దని చెప్పేశాను. నీకు చెబుదామని ఫోన్ చేస్తే మీ అమ్మ ఎత్తి, దాని కోపం చల్లారేదాకా మాట్లాడకు అన్నారు, కడుపు నిండా తింటున్నావా అని అడిగారు.”

“ఆ జనవరి పుస్తకం?”

“వేరేవాడికి ఇచ్చేశారు. దోన్యా ఫెలా చేతి అన్నం తిన్నాక ఆవిడ కిటికీకి నిప్పెలా పెడతాను?”

సంతోషించాల్సిన చోట నాకు ఇంకా కోపం వచ్చింది. “బుద్ధుందా నీకు? ఇద్దరం ఒకేసారి పని పోగొట్టుకుంటే ఎలా? నాకోసం ఎవడు మానెయ్యమన్నాడు?” అంటూనే ఏడ్చేశాను.

“మీ దెబ్బలాట తర్వాత పెట్టుకోండి,” అంది దోన్యా ఫెలా పుస్తకం మూసేస్తూ. “మా సంగతేమిటి? ఇలా కాలిపోయే ఉంటామా? నువ్వేం గీద్దామనుకున్నావో అది గియ్యి.”

“రెలాంపా వాళ్ళది దోన్యా. నేను గీస్తే కేసు పెడతారు.”

“ఆ పిల్లని వాళ్ళనే ఉంచుకోమను. బకెట్లు మోసిన రోజు ఆ పిల్ల వచ్చిందా? మేం మోశాం.”

ఆ మాటకి షాపు గోడకి ఆనుకుపోయాను. ఇన్నాళ్ళూ వాళ్ళని హీరోయిన్ వెనక కిటికీల్లో కూర్చోబెట్టి, అదే గొప్ప అనుకున్నాను. ఆ రాత్రి బకెట్లు అందించుకున్న చేతులే కథ. మధ్యలో మెరుపుల అవసరమే లేదు.

ఎనిమిది పేజీలు గీశాను. మెట్ల మీద వరసగా మనుషులు, చేతి నుంచి చేతికి నీళ్ళు. దోన్ టీతో మీసం పేజీకి సగం. ఫొటోకాపీలు తీసి పిన్ను కొట్టి, షాపులో ఊరికే పంచుదామని అందరం అనుకున్నాం. ఇంకు ఎవరు పెడతారని ఎవరూ అడగలేదు.

చివరి పేజీలో తెల్లవారింది. ఇల్లు నిలబడింది. మా వంటింటి కిటికీలో అమ్మ, ఆవిడ పక్కన నేను.

ఆదివారం టాడ్ పేజీలు తెచ్చి మా బల్ల మీద పరిచాడు. చివరి పేజీ దగ్గర ఆగిపోయాను. కిటికీలో ముగ్గురున్నారు.

“ఇదెవరు?”

“ఎవరో.”

“ఇక్కడ నేను పెన్సిల్ పెట్టలేదు.”

“తెలుసు.”

“పెన్సిల్ లేని చోట ఇంకు పెట్టకూడదని తెలీదూ? పైగా ఎంత ఘోరంగా ఉంది! ఇది ముక్కా, తలుపు గొళ్ళెమా?”

“నాకు బొమ్మ గీయడం రాదు ఇవెలీస్. నీ గీత మీద ఇంకు పెట్టడమే వచ్చు.” వాడి చెవులు ఎర్రబడ్డాయి. “కానీ నువ్వు నన్ను ఎప్పటికీ గీయవేమోనని భయమేసింది. నాకు ఆ కిటికీలో ఉండాలని ఉంది.”

పొయ్యి దగ్గర అమ్మ గరిటె చప్పుడు ఆగింది.

కత్తెరతో తెల్ల కాగితం ముక్క కోసి, జిగురు రాసి, ఆ మొహం మీద సరిగ్గా అంటించాను. టాడ్ మొహం పాలిపోయింది.

“తీసేస్తున్నావా?”

“నోరు మూసుకుని వెలుతురు వైపు తిరుగు.”

గడ్డం పట్టుకుని నేనే తిప్పాను. నా వేళ్ళకి వాడి గుండె దడ తెలుస్తూనే ఉంది. అమ్మ వచ్చి భుజం మీంచి తొంగి చూసింది. “ఆ చెవులు కాస్త పెద్దవి. ఉన్నదున్నట్టు గియ్యి, రేపు మనవళ్ళకి వస్తే అనుకోకూడదు” అని చెప్పి మళ్ళీ పొయ్యి దగ్గరకి పోయింది.

చెవులు ఉన్నంతా గీశాను. కళ్ళు గీశాను. ముక్కు గీశాను. నా భుజానికి వాడి భుజం తగిలేలా గీశాను. తర్వాత పేజీ వాడి ముందుకి తోసి, ఇంకు సీసా మూత తీశాను.

“ఇప్పుడు పెట్టు” అన్నాను.