నిమ్మచెట్టుకి పోసిన నీళ్ళు

ఆసుపత్రి తెల్లచీరలు నాలుగూ మడిచి సంచి అడుగున పెట్టింది వదిన. చెప్పుల జత కాగితంలో చుట్టి పక్కకు దోపింది. బస్సు పది గంటలకి. సాయం చెయ్యనా అని మరదలు గుమ్మంలోంచి రెండుసార్లు అడిగింది. వదిన వీపు తిప్పుకుని సర్దుకుంటూనే ఉంది.

ఇప్పుడంటే కుళాయి రోజంతా వస్తుంది గాని, మొదట్లో పొద్దున గంటసేపే వచ్చేది. తొమ్మిదేళ్ళ కిందట కొత్తకోడలిగా వచ్చిన మరదలికి నీళ్ళు వాడడం నేర్పింది ఈ వదినే. బియ్యం కడిగిన నీళ్ళు చెట్లకి. బట్టలు జాడించిన నీళ్ళు వాకిలికి. కారే కుళాయి కింద ఎప్పుడూ ఒక గిన్నె. "మా అక్కకి ఏడుపొచ్చినా ముందు గిన్నె వెతుక్కుంటుంది" అనేవాడు గడియారాలు బాగుచేసే తమ్ముడు. ముగ్గురూ నవ్వుకునేవారు. ఆ నవ్వులు ఆగిపోయి రెండు నెలలు. వేరే ఊరి ఆసుపత్రికి నర్సుగా బదిలీ వదిన తనే అడిగి వేయించుకుందని మరదలికి మొన్ననే తెలిసింది.

"నామీద కోపమైతే తిట్టండి వదినా. ఊరొదిలి పోవడం ఎందుకు?"

"కోపం దేనికమ్మా. నేనుంటే నీకు ఇరుకు. నోటితో చెప్పలేక చెట్టుతో చెప్పావు."

"ఏ చెట్టు?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతావేం? ఆకుల అంచులు మాడి రాలిపోతున్నాయి. పన్నెండేళ్ళు పెంచిన నిమ్మచెట్టు. వేడినీళ్ళు పోశావా, సబ్బునీళ్ళా? నిజం చెప్పు."

మరదలి మొహం పాలిపోయింది. "మీరు చెప్పినవే పోశాను. బియ్యం నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు. దుంపలు ఉడికించిన నీళ్ళు చల్లార్చి మరీ పోశాను."

సంచి తాడు లాగుతున్న చెయ్యి ఆగింది.

"దుంపల్లో ఉప్పు వేస్తావు కదా."

"వెయ్యకపోతే మీ తమ్ముడు కంచం ముందునుంచి లేచిపోరూ?"

"ఎన్నాళ్ళనుంచి పోస్తున్నావు?"

"నీళ్ళు పారబోస్తున్నానని మీరు కసిరారు చూడండి, ఆ రోజునుంచి. రోజూ. బలమనుకున్నాను." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీచేత మళ్ళీ మాట పడకూడదని ఒక్క చుక్క కూడా తూములోకి పోనివ్వలేదు వదినా."

వదిన సంచి పక్కన పడేసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పెరట్లోకి నడిచింది. "బిందె తే. ఉప్పు వేళ్ళదగ్గర పేరుకుంది. మంచినీళ్ళు ధారగా పోస్తే గాని దిగదు."

కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ ఇంట్లో అంత చప్పుడు చేస్తూ నీళ్ళు పడడం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. భూతద్దం కంటికే ఉంచుకుని తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"పైపు పగిలిందా?"

"నేనే తిప్పాను. నోరెళ్ళబెట్టి చూడకపోతే బకెట్టు పట్టుకోరాదూ."

"అక్కా, నీకు ఒంట్లో బాగానే ఉందా?"

ముగ్గురూ మోశారు. ఇరవైరెండు బిందెలు. మళ్ళీ మళ్ళీ పోశారు, మట్టి మింగినంతా మింగింది. మధ్యలో ఎప్పుడో పది దాటిపోయింది. తడిసిన చీరతో వదిన మరదలి గడ్డం పట్టుకుంది. "పిచ్చిదానా. ఒక్కసారి అడిగి ఉంటే పోయేది. నేనూ అడగలేదులే." మరదలు ఆమె భుజంమీద తల పెట్టి ఏడ్చింది.

అయినా బదిలీ కాగితం మారదు. సాయంత్రం బస్సుకి ఇద్దరూ వెళ్ళి ఎక్కించారు. సెలవు దొరకగానే వస్తానని కిటికీలోంచి చెప్పింది.

సెలవు దొరకలేదు. ఆ ఏడు ఆ ఊళ్ళో జ్వరాలు ఎక్కువ. వార్డులో రోగులకి సేవ చేస్తూ తనూ మంచం పట్టింది. వదిన మళ్ళీ రాలేదు. మార్చి పదకొండున, బుధవారం, మధ్యాహ్నం పోయింది.