వంటామెకి చెప్పుకున్న మాట

శనివారం పొద్దున. బియ్యప్పిండితో ఉడికించిన పుట్టు ఆవిరి చల్లారిపోతున్నా అనఘ పళ్లెం ముట్టుకోలేదు.

"ఫిజిక్స్‌లో ముప్పై ఒకటి తెచ్చుకుని పైగా అలకొకటా?" అంది వత్సల, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

"మూడు రోజుల తర్వాత దాంతో నోరు విప్పావు. అదీ మార్కుల గురించే," అన్నాడు భర్త శశిధరన్. ఆయన బస్సు కండక్టర్. ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"మీకేం, టికెట్లు కొట్టేసి వస్తారు. దాన్ని ఒడ్డుకు చేర్చాల్సింది నేను."

పదకొండో తరగతి చదివే అనఘ లేచి గదిలోకి వెళ్లిపోయింది. బడికి ఆలస్యమవుతుందని వత్సల ఆగలేదు. కేరళలో ఒట్టప్పాలం దగ్గరి బడిలో ఆమె ఇరవై రెండేళ్లుగా లెక్కల టీచర్. అనఘ చదివేదీ అక్కడే. మనసు నలిగిన పిల్లల్ని ఎలా గుర్తించాలో, ఎలా ఆదుకోవాలో పాలక్కాడ్‌లో వారం రోజులు శిక్షణ తీసుకుని వచ్చింది. బడి సిబ్బంది అందరికీ అదంతా రెండు రోజుల్లో నేర్పే పని ఆమెదే. ఇవాళ మొదటి రోజు.

బడి హాలులో టీచర్లతో పాటు గుమస్తా, బస్సు డ్రైవరు, ఊడ్చే ఆమె, వంటామె బీవాత్తు కూడా కూర్చున్నారు.

"ముందు వినండి. తీర్పులు చెప్పకండి," అంది వత్సల. "మీ కంటపడిన పిల్లలెవరైనా ఉంటే చెప్పండి. పేర్లు వద్దు."

బీవాత్తు తలమీది ముసుగు సర్దుకుని లేచింది.

"ఒక పిల్ల రోజూ మధ్యాహ్నం వంటింటికి వస్తుంది టీచర్. తెచ్చుకున్న అన్నం పిల్లులకు పెట్టేస్తుంది. మార్కులు తగ్గితే వాళ్లమ్మ రోజుల తరబడి మాట్లాడదట. 'నేను లేకపోతే అమ్మకి తలనొప్పి తగ్గుతుంది అక్కా' అంది మొన్న."

వత్సలకు కోపం వచ్చింది.

"అంత మాట విని కడుపులో దాచుకుంటారా? వాళ్లమ్మకి చెప్పొద్దూ? పిల్లకేమైనా అయితే ఎవరిది పూచీ?"

బీవాత్తు కూర్చుంది.

టీ విరామంలో వత్సల వంటింటికి వెళ్లింది. "ఆ పిల్ల పేరు చెప్పండి. ఇవాళే ఇంటికి వెళ్లి మాట్లాడతాను."

బీవాత్తు నేల చూపులు చూసింది. "ఇది చెబుదామనే రెండుసార్లు మీ దగ్గరికి వచ్చాను టీచర్. వినకుండానే, బియ్యం సంగతైతే హెడ్మాస్టర్‌తో మాట్లాడుకోమన్నారు. ఆ పిల్ల మన అనఘే."

మిగతా పాఠం ఎలా చెప్పిందో వత్సలకే తెలియదు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే నోటివెంట వచ్చిన మాట ఇది: "పోయి పోయి వంటామెకి చెప్పుకున్నావా? బడిలో నా పరువేం కావాలి?"

"చూశావా అమ్మా? నాకేమైందని కాదు, ఎవరికి చెప్పుకున్నాననే నీ బాధ."

"వత్సలా, కూర్చో," అన్నాడు శశిధరన్ మెల్లగా. "ఇప్పుడైనా దాన్ని మాట్లాడనీ."

వత్సల కూర్చుంది. అనఘ వెక్కుతూ చెప్పింది. నిద్ర పట్టకపోవడం, పుస్తకం తెరిస్తే చేతులు వణకడం, వంటింట్లో తల్లి గిన్నెలు పెట్టే చప్పుడును బట్టి ఆ రోజు కోపం ఎంతో అంచనా వేసుకోవడం. మధ్యలో ఎన్నోసార్లు 'అలా కాదే' అనబోయి, వత్సల పళ్లు బిగబట్టింది.

"సిగ్గుగా ఉందే నాకు," అంది వత్సల చివరికి.

"నాకు భయంగా ఉందమ్మా. అప్పుడప్పుడు చచ్చిపోవాలనిపిస్తోంది."

వత్సల కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. సోమవారం దాకా ఆగలేదు. తెలిసిన మానసిక వైద్యురాలికి అప్పటికప్పుడే ఫోన్ చేసింది. మర్నాడు పొద్దునే తీసుకురమ్మని, అందాకా పిల్లను ఒంటరిగా వదలొద్దని డాక్టర్ చెప్పింది.

"రేపు హాల్లో అందరి ముందూ ఒప్పుకుంటాను, తప్పు నాదేనని," అంది వత్సల కళ్లు తుడుచుకుంటూ.

"వద్దు! అది నా మాటమ్మా. నీ గుండె బరువు దించుకోడానికి దాన్ని నలుగురిలో పెట్టకు."

వత్సల తలదించుకుంది. పశ్చాత్తాపంలో కూడా తన గురించే ఆలోచించింది.

మర్నాడు డాక్టర్‌ని చూసి వచ్చాక, కూతుర్ని తండ్రి దగ్గర ఉంచి, ఆలస్యంగా హాలుకు వెళ్లింది.

"నిన్న బీవాత్తుని అందరి ముందూ తప్పుపట్టాను. ఆమె నాకు చెప్పడానికి రెండుసార్లు వచ్చింది. విననిది నేను. బీవాత్తూ, నన్ను క్షమించండి."

"ఇంతకీ ఆ పిల్ల ఎవరు టీచర్?" అన్నాడు గుమస్తా.

"ఆ పేరు చెప్పే హక్కు నాకు లేదు."

వత్సల కుర్చీ లాక్కుని బీవాత్తు పక్కన కూర్చుని, నోట్‌బుక్ తెరిచింది. "ఆ పిల్ల మొదటిసారి వచ్చినప్పుడు మీరు ఏమడిగారు?"

"అడగడానికి నాకేం తెలుసు టీచర్? పీట వేశాను. పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుచుకుంటూ ఉన్నాను. నాలుగో రోజు తనే చెప్పింది."

వత్సల ఆ మాటలు రాసుకోబోయింది. కాగితం మీద గీతలు అలుక్కుపోయి కనిపించలేదు.