ఎర్ర తీగలో కదలిక

ఉరవకొండ సంతలో ఏజెంట్ పుల్లన్న పట్టపగలే చచ్చిపోయాడు. కాల్చిన పిస్తోలుకు సైలెన్సర్ ఉంది కాబట్టి చప్పుడు వినపడలేదు. వేరుశనగ మూటల మీదికి ఒరిగిన మనిషిని చూసి వడదెబ్బ అనుకున్నారు జనం. గొర్రెల కాపరి వేషంలో పక్కనే ఉన్న తోటి ఏజెంట్ హనుమంతరాయుడికి మాత్రం ఆఖరి మాట వినపడింది.

"కొండమీద పెట్టె... రెండు తీగలు..."

గంటలోపే వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు. "పుల్లన్న వదిలిపోయిన పని నువ్వు ముగించు. ఎలక్ట్రానిక్స్ ఎక్స్‌పర్ట్‌ను పంపుతున్నా. ఓవర్."

మర్నాడు మధ్యాహ్నం కొండ దగ్గర జీపు ఆగింది. ధర్మవరం పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు.

"ఈ ఏడన్నా వాన పడుతుందా?" అందామె.

"పడితే మడకశిరలోనే."

కోడ్ సరిపోయింది. ఆమె పేరు నాగలక్ష్మమ్మ.

బండ చాటున పెట్టె దొరికింది. అందులోంచి ఎర్ర తీగ, నీలం తీగ నేలలోకి దిగి, కొండ కింద కొత్తగా కడుతున్న రాడార్ దిమ్మె దాకా పోయాయి. దిమ్మె కింద బాంబు. ఆ దిమ్మె మీద నిలబడి ఏవో కొలతలు చూసుకుంటున్నాడు సైంటిస్టు రామదాసు. చుట్టూ కరువు పని కూలీలు. వాళ్ళలో హనుమంతరాయుడి సొంత అక్క హనుమక్క కూడా ఉంది. కేక వేస్తే గాలి మింగేస్తోంది. పెట్టె మీద టైమర్ డయల్ ముల్లు ఎర్ర గీతను సమీపిస్తోంది.

ఒక తీగ బాంబును పేల్చేది. ఆఖరి క్షణం దాకా అది మౌనంగా ఉంటుంది. రెండోది "ఆగు, ఆగు" అని పల్సులు పంపుతూ బాంబును పట్టి ఉంచేది. దాన్ని కోస్తే అంతా అప్పుడే ఐపోతుంది.

తీగలో పోయే పల్సులను స్క్రీన్ మీద చూపే లాజిక్ అనలైజర్‌ను నాగలక్ష్మమ్మ జీపులోని జనరేటర్‌కు తగిలించింది. "తీగకు తగిలించే ప్రోబ్‌లలో ఒకటి దారిలో విరిగిపోయింది సార్. ఉన్నదాన్ని ఎర్ర తీగకు పెడుతున్నా. మిల్లీసెకనుకు ఒకసారి శాంపిల్ తీస్తుంది."

స్క్రీన్ మీద గీత చదునుగా ఉంది.

"ఇంకా వేగంగా చూడు," అన్నాడు.

ఆమె నవ్వి, వేగాన్ని చివరి దాకా తిప్పింది. మళ్ళీ చదునే.

"ఎర్ర తీగ మౌనంగా ఉండాది సార్. పేల్చేది అదే. కోసేయండి."

హనుమంతరాయుడి కటింగ్ ప్లేయర్ ఎర్ర తీగను పట్టుకుంది. కింద అక్క తట్ట ఎత్తుకుంటోంది. మనసు ఒప్పుకోలేదు.

ఆ మిషన్ మెమరీలో పట్టేది వెయ్యి పైచిలుకు శాంపిళ్ళే. నిదానంగా తీస్తే సెకను పాటు చూస్తుంది, కానీ శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య సన్నటి పల్సు జారిపోతుంది. మరీ వేగంగా తీస్తే ఏదీ జారదు, కానీ పల్సు రాకముందే మెమరీ నిండిపోతుంది. రెండుసార్లు ఏమీ కనపడలేదంటే, ఏమీ లేదని కాదు.

"శాంపిల్‌కు రెండు మైక్రోసెకన్లు పెట్టు."

ఆమె చెయ్యి కదలలేదు. "టైమ్ లేదు సార్!"

అతనే నాబ్ తిప్పాడు. ఇప్పుడు చూపు రెండు మిల్లీసెకన్ల పొడవు. చదును గీత మీద తుమ్మముళ్ళలా రెండు సన్నటి పల్సులు నిలబడ్డాయి.

ఎర్ర తీగ మాట్లాడుతోంది!

"పుల్లన్న కూడా ఇంతే మొండోడు," అంది నాగలక్ష్మమ్మ. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు బయటికొచ్చింది.

హనుమంతరాయుడు భుజం మీది కంబళిని ఆమె ముఖం మీదికి విసిరాడు. గుండు బండకు తగిలి రాయి చిట్లింది. ముల్లు ఎర్ర గీతను తాకుతుండగా అతను నీలం తీగను కోశాడు.

ఏమీ పేలలేదు.

పిస్తోలు లాక్కుని ఆమె చేతులు విరిచి కట్టాడు. ఆమెను పంపింది చీఫే. ఆయన మోసపోయాడా, లేక... ఆ ఆలోచనను పూర్తిచేయడానికి అతనికి ధైర్యం చాలలేదు.

పెనుగులాట కంటపడి హనుమక్క రొప్పుతూ కొండెక్కింది. తమ్ముణ్ణీ, తీగల్నీ, కట్టేసి ఉన్న పట్టుచీరనూ మార్చి మార్చి చూసింది.

"ఏమప్పా ఇది?"

"మీ కింద బాంబు పెట్టినారక్కా. ఇప్పుడే తీగ కోసినా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, కింద ఎండలో నిలబడ్డ కూలీల వైపు చూసింది.

"సరేలే, మంచి పని చేసినావు. పొద్దున్నుంచీ నీళ్ళ ట్యాంకరు రాలేదు. అది యాడుండాదో కూడా కనుక్కో పో."