వచ్చే ఏడాది గిన్నె

పొద్దున్నే టైలరమ్మ కిటికీ తెర పక్కకు లాగి చూస్తే భర్త మంచం మీద లేడు. గుమ్మం దగ్గర చెప్పులూ లేవు. సెలవులకని కూతురితో కలిసి వచ్చి అద్దెకు దిగిన ఈ రెండు గదుల ఇంట్లో ఇది మూడో ఉదయం. మూడు రోజులూ ఇదే వరస. కొండల మధ్య ఊరికి అందరూ గాలి మార్పు కోసం వస్తే, ఈయన మాత్రం చెక్కముక్కల కోసం వస్తాడు.

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో తిరిగిన ఊళ్లలో ఆమెకు గుర్తున్నవి సముద్రాలు, జలపాతాలు. ఆయనకు గుర్తున్నవి సామిల్లులు. బస్సు డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ సెలవురోజుల్లో, రిటైరయ్యాక రోజూ, పెరటి షెడ్డులో లేత్ మిషన్ మీద చెక్క తిప్పి గిన్నెలు, డబ్బాలు, బొంగరాలు చేస్తాడు. ప్రయాణమంటే పర్సు మరిచిపోతాడేమో గానీ జేబులో నాలుగు బొంగరాలు మరిచిపోడు. కొత్త ఊళ్లో సామిల్లువాడి బల్ల మీద ఒకటి తిప్పి వదులుతాడు. వాడు నోరు తెరుచుకుని చూసి, అది ఉంచుకుని, పారేసే ముక్కలన్నీ ఈయన సంచిలో వేసి పంపుతాడు.

ఎప్పుడూ ఆ సంచి చూసి సణిగే టైలరమ్మ ఈసారి నోరు మెదపలేదు. కారణముంది. క్రితం వానాకాలంలో లేత్ మీద తిరుగుతున్న చెక్క చీలి ఎగిరొచ్చి ఆయన నుదుటికి తగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. మందుల షాపు నడుపుకునే కూతురు ఆ రోజే తీర్మానించింది, ఇంట్లో ఆ మిషన్ ఉండకూడదని. ఈ సెలవులు ఆ పిల్ల పన్నిన ఉపాయమే. ఇవాళ పదకొండింటికి, ఇంటి దగ్గరున్న అల్లుడు లేత్‌ని వ్యాను ఎక్కించి ఎవరికో ఇచ్చేస్తాడు. టైలరమ్మ సరేనని తల ఊపింది. ఆ ఊపిన తల మూడు రోజులుగా ఆమెకు మోయలేనంత బరువుగా ఉంది.

తొమ్మిదిన్నరకు ఆయన వచ్చాడు. తువ్వాలులో చుట్టిన దుంగను పసిపిల్లను దించినట్టు వంటగట్టు మీద దించాడు.

"దీని రంగు చూడవే. పైన మామూలు చెక్కే, లోపల వంకాయ రంగు. చేవంతా ఊదాయే. మన వైపు చచ్చినా దొరకదు."

"నాన్నా, అది పాలగిన్నె," అంది కూతురు. అప్పటికే ఆయన గిన్నెలో కొవ్వొత్తులు వేసి పొయ్యి వెలిగించాడు.

"కడిగేస్తాలే అమ్మలూ. పచ్చి చెక్క ఇది. కోసిన చివర్లకి మైనం పట్టించకపోతే రెండ్రోజుల్లో బీటలిస్తుంది. ఏడాదిపాటు నీడలో మెల్లగా ఆరాలి."

సామిల్లులోనే సగానికి కోయించి తెచ్చిన ఆ దుంగ రెండు ముక్కలకూ మైనం పూశాడు. తర్వాత అలవాటుగా భార్య వైపు చెయ్యి చాచాడు. ఆమె అలవాటుగా సంచిలోంచి బట్టల మీద గీతలు గీసే సుద్ద తీసి ఇచ్చింది. ఒక ముక్క మీద ఏదో రాసి, దాన్ని అక్కడే పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్లాడు.

టైలరమ్మ వంగి చదివింది. వచ్చే ఏడాది, ఇదే నెల. కింద చిన్న అక్షరాలతో, 'గుండీల గిన్నె. ఆవిడకి.'

ఆమె గుండీలన్నీ మూత సరిగా పట్టని బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. అది దొర్లినప్పుడల్లా ఆయన నేల మీద కూర్చుని ఏరిపెడతాడు. ఆమెకు కళ్లు చెమర్చాయి. ఈ వయసులో తోటివాళ్లంతా అయిపోయిన ఏడాదుల గురించే మాట్లాడుకుంటుంటే, ఈ మనిషి రాబోయే ఏడాదికి పని పెట్టుకుంటున్నాడు. తీసేస్తున్నది లేత్‌ని కాదు, ఆయన వచ్చే ఏడాదిని. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

"మీ ఆయనకి ఫోన్ చెయ్యి. వ్యాను రావద్దని చెప్పు."

కూతురు కప్పు కింద పెట్టింది. "అమ్మా, మళ్లీ మొదటికి రాకు. ఆ రోజు రక్తం చూసి వణికిపోయింది నువ్వే."

"వణికాను. ఇప్పుడూ వణుకుతున్నాను. అయితే?"

"అయితే ఏంటి? ఈసారి కంటికి తగిలితే?"

"నా వేలిలోకి కుట్టుమిషన్ సూది గోరు చీల్చుకుని దిగింది, నీకు గుర్తుందా? మీ నాన్న సూది లాగి, కట్టు కట్టి, మర్నాడు మిషన్‌కి నూనె వేశాడు. అమ్మేద్దామని ఒక్క మాట అన్నాడా?"

"రెండూ ఒకటి కాదమ్మా."

"నాకు ఒకటే. ఆయన పని ప్రమాదమైతే నా పనీ ప్రమాదమే. లేత్ వెళ్లే వ్యానులోనే నా కుట్టుమిషనూ ఎక్కించు. ఇద్దరం చెరో కుర్చీలో కూర్చుని నువ్వు పంపే మాత్రలు లెక్కపెట్టుకుంటూ బతుకుతాం. అదేగా నీక్కావలసింది?"

"ఏ వ్యాను?" అన్న మాట వినపడి ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

కూతురు తల దించుకుంది. టైలరమ్మ దించుకోలేదు. "మీ లేత్‌ని ఇవాళ ఇచ్చేస్తున్నారు. పదకొండింటికి. నాకూ తెలుసు, సరేనన్నాను."

"నువ్వు కూడానా?"

"నేను కూడా. భయపడ్డాను. తప్పు చేశాను. ఇప్పుడు దాన్ని సరిచేస్తున్నాను, అడ్డం రాకండి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూతురు ఆయన పక్కకొచ్చి నిలబడింది. "ఫోనొస్తే షాపు షట్టరు కూడా వెయ్యకుండా పరిగెత్తుకొచ్చాను నాన్నా. ఎంత దూది పెట్టినా రక్తం ఆగలేదు. నీకు తెలీదు."

"తెలుసమ్మలూ. తప్పు మిషన్‌ది కాదు, నాది. ముఖానికి పెట్టుకునే తొడుగు మేకుకి వేలాడుతూనే ఉంది. ఒక్క నిమిషం పనేగా అనుకున్నాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపాను, స్టీరింగు ముందు ఒక్కసారీ అలా అనుకోలేదు." నుదుటి మీది మచ్చ తడుముకున్నాడు. "ఆ ముక్కకి బీట ఉందని కూడా తెలుసు. బీట ఉన్నది మిషన్ ఎక్కించకూడదు."

"మరి ఎందుకెక్కించావు?"

"అది నువ్విచ్చింది. నీకు ఐదేళ్లప్పుడు సముద్రానికి వెళ్లాం. అలలకు కొట్టుకొచ్చిన కొయ్య ఒకటి నువ్వే ఏరి, ఈడ్చుకొచ్చి, నాన్నా నీకు చెక్క దొరికిందన్నావు. ఇన్నేళ్లూ దాచాను. నీ షాపు బల్ల మీదకి ఒక గిన్నె చేద్దామనిపించింది. పారేయడానికి చెయ్యి రాలేదు."

కూతురు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడు నెలలుగా ఆ పిల్ల తిట్టుకున్నది తను ఈడ్చుకొచ్చిన కొయ్యనే. వెక్కిళ్ల మధ్యే ఫోన్ తీసింది. "ఏమండీ, వ్యాను వస్తే తిప్పి పంపించెయ్యండి. కారణం వచ్చాక చెప్తాను. షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి నాన్న ఎప్పుడూ పెట్టేచోటే పెట్టండి."

టైలరమ్మ కళ్లు తుడుచుకుని, ఇంకా కోపం తగ్గనట్టే అంది. "ఇంటికెళ్లగానే నా కుట్టుమిషన్ కూడా ఆ షెడ్డులోకే వస్తోంది. మీరు తొడుగు పెట్టుకున్నారో లేదో పక్కనే కూర్చుని చూస్తాను. దుమ్ము నా బట్టల మీద పడితే మాత్రం ఊరుకోను."

"తెర కడతాలే," అన్నాడాయన.

రెండో ముక్క ఇంకా ఏమీ రాయకుండానే ఉంది. కూతురు సుద్ద అందుకుని, షాపులో మందుల కవర్ల మీద మోతాదు రాసే చేతిరాతతో దాని మీద రాసింది. 'రోజుకు రెండు గంటలు. తొడుగు పెట్టుకుని. అమ్మ పక్కన ఉండగా.'

ఆయన కళ్లజోడు సర్దుకుని మెల్లగా చదివాడు. "ఎన్నాళ్లు వాడాలో రాయలేదేం?"

"ఇది ఆపే మందు కాదు నాన్నా," అంది కూతురు.

టైలరమ్మ తన పెట్టెలోంచి బట్టలు తీసి మంచం మీద పడేసి, ఖాళీ అయిన చోట గుండీల గిన్నె అని రాసిన మొదటి ముక్కను పెట్టుకుంది.